బొగ్గుబాయి కాడ హక్కుల పాట: సింగరేణి ప్రాంతంలో కళలు, సినిమా, మానవ హక్కుల చైతన్యం

గోదావరికి కుడిగట్టున రామగుండం, గోదావరిఖని. ఎడమగట్టున మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. సింగరేణి బొగ్గుగనులు విస్తరించిన ఈ ప్రాంతంలో హక్కుల మాట జనంలోకి ప్రధానంగా పాట ద్వారా వెళ్ళింది. పాట వెంట నాటకం, కథ, నవల, గోడమీది బొమ్మ నడిచాయి. సినిమా అన్నిటికన్నా వెనక వచ్చింది. వచ్చాక కూడా బాయి దిగకుండా ఒడ్డునే నిలబడి చూసింది. దాదాపు 80 ఏళ్ళుగా ఈ కళారూపాలు ఇక్కడ హక్కుల చైతన్యానికి ఎట్లా ఉపయోగపడ్డాయి, ఎక్కడ ఆగిపోయాయి అన్నది ఈ వ్యాస విషయం.

నేపథ్యం

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు స్థిరపడింది. 1945లో మెజారిటీ వాటాలు నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఇప్పుడు 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉన్నా, 1960ల తర్వాత గోదావరిఖని ఈ బెల్టుకు రెండో గుండెకాయ అయింది. పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రాలు, 1999లో మూతపడి 2021లో మళ్ళీ తెరుచుకున్న ఎరువుల కర్మాగారం ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వలస వచ్చిన కుటుంబాలతో ఊరు నిండిపోయింది.

ఇక్కడ హక్కులంటే పుస్తకాల్లోని జాబితా కాదు. పైకప్పు కూలకుండా బయటికి రావడం, చేసిన పనికి కూలి పడటం, సమ్మె చేయగలగడం, పట్టుకుపోయిన మనిషిని కోర్టుకు చూపించడం, భూమి పోయిన ఊరికి బదులు ఊరు దొరకడం. 1948 నాటి విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనలో 23వ అధికరణం పనికి, న్యాయమైన వేతనానికి, సంఘం పెట్టుకోవడానికి హక్కు ఇస్తుంది. 27వ అధికరణం కళలను ఆస్వాదించే హక్కు ఇస్తుంది. బొగ్గుబెల్టులో ఈ రెండూ విడివిడిగా నడిచిన సందర్భాలు తక్కువ.

తొలి అడుగులు

1943లో గరికపాటి రాజారావు చొరవతో ఏర్పడిన ప్రజానాట్యమండలి కళను రాజకీయ ప్రచారానికి వాడే పద్ధతిని తెలుగునాట స్థిరపరిచింది. నాజర్ బుర్రకథ, సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు పల్లెలకు తెలిసిన రూపాల్లోనే కొత్త విషయం చెప్పాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాటకాన్ని ఆపే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చిన చట్టం 1876 నాటిది. అది రద్దయింది 2018లో. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 70 ఏళ్ళు ఆ చట్టం పుస్తకాల్లో బతికే ఉందంటే, పాలకులు రంగస్థలానికి ఎంత విలువ ఇచ్చారో అర్థమవుతుంది.

నిజాం రాజ్యంలో కార్మికోద్యమానికి ఒక కవే నాయకుడు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌ను నడిపినవారిలో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ముందున్నాడు. కవి యూనియన్ ఆఫీసులో కూచోవడం, యూనియన్ నాయకుడు వేదికమీద పాడటం వింతగా తోచని సంప్రదాయం అప్పటిదే.

పాట గనికి చేరిన దారి

1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్ళలో దొరలతో, పోలీసులతో తలపడిన యువకులు చాలామంది బతుకుదెరువు కోసం బాయిల దారి పట్టారు. వాళ్ళతోపాటు పాటలూ వచ్చాయి. గనిలో పనిచేసేవాళ్ళలో దళిత కులాలవారు, గొల్లకురుమలు ఎక్కువ. డప్పు, ఒగ్గుకథ, చిందు భాగవతం వాళ్ళ ఇళ్ళలో పుట్టి పెరిగినవే. కళాకారుడు కొత్తగా నేర్పవలసింది విషయమే తప్ప విద్య కాదు.

1972లో మొదలైన జననాట్యమండలి ఈ వారసత్వాన్ని గట్టిగా పట్టుకుంది. భుజాన గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర, చుట్టూ వంతపాడే బృందం: దాని గాయకుడు గద్దర్ రూపం తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. ఇప్పటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌లో 1955లో పుట్టిన గూడ అంజయ్య రాసిన ‘ఊరు మనదిరా’ పాట ఈ గాలిలోదే. అది ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. ఊరు ఎవరిదన్న ప్రశ్న వేసిన ఆ పాట బాయికాడికి వచ్చేసరికి బొగ్గు ఎవరిదన్న ప్రశ్నగా మారడానికి పెద్ద సమయం పట్టలేదు.

1981లో 56 రోజుల సమ్మె జరిగింది. దాని మూలం ఒక చట్టంలోని లెక్క. పదిమంది, అంతకు మించి కార్మికులు కూడబలుక్కుని నోటీసు లేకుండా పని మానితే, ఎనిమిది రోజుల జీతం వరకు కోయవచ్చని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం 9వ సెక్షన్ చెప్పేది. దాన్ని సింగరేణిలో అమలు చేయబూనడం మీద కార్మికులు తిరగబడ్డారు. ఒక రోజుకు ఎనిమిది రోజులు! ఇంత సూటైన అన్యాయం పాటకు దొరకడం అరుదు. సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోలేని మనిషి కూడా ఆ లెక్కను మరిచిపోడు. ఆ సమ్మె వేడిలోనే సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. బెల్టులో అందరూ దాన్ని ‘సికాస’ అనే అన్నారు. వేతనాలతో పాటు గూండాయిజం, సారా, వడ్డీ వ్యాపారం, క్వార్టర్లలో నీళ్ళు, వైద్యం వంటి సమస్యలనూ అది ఎత్తుకుంది. 1992లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌తో పాటు నిషేధానికి గురైంది.

ఈ కాలంలో పాట జరిగిన చోటును దగ్గరగా చూడాలి. మొదటి షిఫ్టు కార్మికుడు తెల్లవారకముందే సద్ది పట్టుకుని బాయికి వస్తాడు. మస్టరు (హాజరు) పడాలి, ల్యాంపురూములో టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి, ఆ తర్వాత దిగాలి. ఈ మధ్య దొరికే కొద్దిపాటి సందులోనే గేటు మీటింగు. అక్కడ మూడు గంటల నాటకం కుదరదు, గంట ఉపన్యాసం కుదరదు. డప్పు దెబ్బకు తలలు తిరగాలి, పల్లవి రెండోసారికే నోటికి రావాలి, మూడో చరణంలో విషయం తేలాలి. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు మసిబట్టిన మొహాలతో కాసేపు నిలబడి వింటారు, నిద్ర కళ్ళతో ఇంటికి పోతూ పల్లవి కూనిరాగం తీస్తారు. మధ్యాహ్నానికి అది క్వార్టర్లలో ఆడవాళ్ళ నోట ఉంటుంది. కరపత్రానికి చదువు కావాలి, సభకు అనుమతి కావాలి, ఈ పాటకు రెండూ అక్కర్లేదు. బొగ్గుబెల్టు పాటలు పొట్టిగా, ప్రశ్నలతో, వంతకు చోటిస్తూ ఉండటానికి గేటు మీటింగే ఒక కారణమని చెప్పవచ్చు.

స్తూపం, పోస్టరు

చదవడం రానివాళ్ళకు పాట ఎంతో, కంటికి కనిపించే గుర్తూ అంతే. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం అంది. పౌరహక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లు చెప్పాయి. అక్కడ లేచిన స్తూపాన్ని 1986లో కూల్చారు, మరుసటేడు మళ్ళీ కట్టారు. ఏటా ఏప్రిల్ 20న అక్కడికి వెళ్ళడం మీద ఏళ్ళ తరబడి ఆంక్షలు ఉండేవి. స్తూపాన్ని శిల్పకళ కింద లెక్కించే విమర్శకులు తక్కువే. సిమెంటు, ఎర్ర రంగు, కొన్ని పేర్లు, అంతే ఉంటుంది. చనిపోయినవాళ్ళ సంఖ్యమీదే తగాదా ఉన్నచోట పేర్లు చెక్కిన రాయి సాక్ష్యంతో సమానం. దాన్ని కూల్చడానికీ, మళ్ళీ కట్టడానికీ అంత పట్టుదల ఎందుకో దీనితో తెలిసిపోతుంది.

పోస్టరు విషయంలో ముందు చెప్పుకోవలసిన పేరు అలిశెట్టి ప్రభాకర్. 1954లో జగిత్యాలలో పుట్టి, కరీంనగర్‌లో ఫోటో స్టూడియో నడుపుకున్నాడు. కొద్ది మాటల కవితకు తనే బొమ్మ గీసి ప్రదర్శనలు పెట్టేవాడు. ‘ఎర్ర పావురాలు’, ‘మంటల జెండాలు’, ‘సంక్షోభ గీతం’ వంటి పుస్తకాలు వచ్చాయి. 1993లో తన 39వ పుట్టినరోజునే క్షయతో పోయాడు. హైదరాబాదులో చిత్రకారుడు మోహన్ ఉద్యమ సంఘాలకు లెక్కలేనన్ని పోస్టర్లు గీసి ఇచ్చాడు. 1943 బెంగాల్ కరువును చిత్తప్రసాద్ స్కెచ్చుల్లో పట్టినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకం ప్రతులను తగలబెట్టింది. తెలుగు పోస్టరుది కూడా ఆ వంశమే.

కథ, నవల

మంథని ప్రాంతపు గాజులపల్లిలో పుట్టిన అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’తో కరీంనగర్ రైతాంగ పోరాటాన్ని నవలకెక్కించాడు. సాహుతో కలిసి ‘కొమురం భీము’ రాశాడు. బొగ్గు కార్మికుల జీవితం ఆయన కథల్లో విస్తారంగా ఉంది. సింగరేణిలోనే ఉద్యోగం చేస్తూ రాసిన పి. చంద్ ‘శేషగిరి’ నవలలో 1940ల నాటి కార్మిక నాయకుడి కథ చెప్పాడు. తట్టా చెమ్మస్, టబ్బు, సర్దారు, ఓవర్‌మన్, నాగా, ప్లేడే వంటి మాటలు ఈ రచనలతో సాహిత్యంలోకి వచ్చాయి. అంతకుముందు అవి మస్టరు పుస్తకాల్లోనే ఉండేవి.

ఈ రచనల బలం లోపలివాడి చూపులో ఉంది. గని ప్రమాదం పత్రికలో ఒక వార్త, కంపెనీకి ఒక ఫైలు. కథలో మాత్రం అది పైకప్పు చప్పుడు విని కూడా పని ఆపలేని మనిషి లెక్కగా వస్తుంది. బదిలీ కార్మికుడికి మస్టర్లు నిండితేనే పర్మినెంటు. ప్రమాదం ఉందని చెబితే నోరున్నవాడన్న పేరు. ‘ప్రాణభద్రత హక్కు’ అన్న మాట వాడకుండానే ఆ హక్కు ఎక్కడ తెగుతుందో చూపిన పని ఇది.

సినిమా

తెలంగాణ జీవితాన్ని హక్కుల కోణంలో తెరకెక్కించిన తొలి పెద్ద ప్రయత్నం ‘మా భూమి’. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మించారు. 1980లో విడుదలైంది. బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీద పాడాడు. నర్సింగరావే తీసిన ‘దాసి’ (1988) గడీలోని ఆడబాపల బతుకును దాదాపు నిశ్శబ్దంగా చూపి అయిదు జాతీయ అవార్డులు తెచ్చింది. వెట్టి, లైంగిక బానిసత్వం ఎంత మామూలుగా సాగేవో చెప్పడానికి ఈ సినిమా ఒక్క ఉపన్యాసమూ ఇవ్వదు. సి. ఉమామహేశ్వరరావు ‘అంకురం’ (1992) మరో దారి. రైల్లో తన చేతికొచ్చిన పసిబిడ్డ తండ్రిని వెతుకుతూ పోయే మామూలు గృహిణికి, మనుషులు మాయమయ్యే వ్యవస్థ ఎదురవుతుంది. రేవతి, ఓం పురి నటించారు. పోలీసులు పట్టుకుపోయిన మనిషి ఆచూకీ అడగడం పౌరుల హక్కు అని జనరంజక సినిమాలో ఇంత సూటిగా చెప్పిన తెలుగు చిత్రం మరొకటి వెంటనే గుర్తురాదు. 1980లు, 90లలో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రేక్షకులకు అది సొంత వీధి కథ.

ఈ మూడింటిలోనూ బొగ్గుబాయి లేదు. దొర, గడీ, అడవి, పోలీసుస్టేషన్ తెరకెక్కాయి, గని ఎక్కలేదు. కారణాల్లో ఒకటి సాంకేతికం. మీథేన్ ఉండే భూగర్భ గనిలోకి మామూలు కెమెరా, లైట్లు తీసుకుపోవడం గని భద్రతా నిబంధనలు ఒప్పుకునే పని కాదు. సెట్టు వేయాలంటే డబ్బు కావాలి. ఇంకొకటి, కంపెనీ అనుమతి లేనిదే గేటు దాటలేరు. పాటకు గేటు బయట చోటు చాలు. సినిమాకు లోపలికి పోవాలి.

హిందీలో ఈ సాహసం జరిగింది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్ళు ముంచెత్తి 375 మంది చనిపోయారు. నాలుగేళ్ళకు యశ్ చోప్రా ‘కాలా పత్థర్’ తీశాడు. గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలో అదే విధంగా నీళ్ళు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘటనను తెలుగు వాణిజ్య సినిమా ముట్టుకోలేదు. నీళ్ళు నిండిన పాత పనికి 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లో ఉండేది. కార్మికుడికి తెలిసి ఉండవలసిన హక్కు ఈ 60 మీటర్లలో ఉంది. భారీ సినిమా చూసినవాడికి గుర్తుండేది హీరో ఈదిన నీళ్ళు.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణలు బయట ఉన్నాయి. బెల్జియం గని కార్మికుల 1932 సమ్మె మీద యోరిస్ ఇవెన్స్, హెన్రీ స్టోర్క్ మరుసటి ఏడాది డాక్యుమెంటరీ తీశారు. అమెరికాలోని కెంటకీ సమ్మెను బార్బరా కాపుల్ కార్మికుల ఇళ్ళలోనే ఉండి చిత్రించింది. ‘హార్లన్ కౌంటీ, యూఎస్ఏ’ (1976) ఆస్కార్ అందుకుంది. అందులో 1930ల నాటి సమ్మె పాట రాసిన ముసలామె వేదికమీదికి వచ్చి తన పాట తనే పాడుతుంది. అక్కడ పాట, కెమెరా ఒకే చోట కలిశాయి. సింగరేణిలో పాట నిండుగా ఉన్న ఆ రోజుల్లో కెమెరా లేదు. ఫోన్లో కెమెరా వచ్చేనాటికి గేటు దగ్గరి ఆ జనం పలచబడ్డారు. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు.

ఇట్లాంటి ప్రపంచ చిత్రాలు చూడటానికి జిల్లాలో దొరికిన కిటికీ ఫిలిం సొసైటీ. కరీంనగర్ ఫిలిం సొసైటీ, దాన్ని ఏళ్ళ తరబడి నడిపించిన వారాల ఆనంద్ కృషి ఈ ప్రాంతపు యువకులకు సత్యజిత్ రాయ్ నుంచి యూరప్ సినిమా దాకా పరిచయం చేశాయి.

2023 మార్చి 30న వచ్చిన ‘దసరా’తో సింగరేణి బొగ్గు ఒక్కసారిగా దేశమంతా కనిపించింది. శ్రీకాంత్ ఓదెల తొలి చిత్రం. నాని, కీర్తి సురేశ్ నటించారు. గూడ్సు బండి మీది బొగ్గు దొంగతనం, సారా, కులం చూసి రానిచ్చే బారు, సర్పంచి ఎన్నికల కక్షలు ఇందులో ఉన్నాయి. భాష అచ్చంగా ఇక్కడిది, మసి కూడా ఇక్కడిదే. బొగ్గు మాత్రం ఇందులో రంగుగా మిగిలింది. బాయి, షిఫ్టు, కార్మికుడి సంఘం కథకు అక్కర్లేకపోయాయి. కులం దగ్గర ఈ సినిమా చూపిన ధైర్యం పని దగ్గర చూపలేదు.

పాట చెప్పనిది

ఈ ప్రాంతపు హక్కుల కళను పొగిడేవాళ్ళు దాటేసే ఒక విషయం ఉంది. ఉద్యమ పాట రాజ్యహింసను ఎంత గట్టిగా నిలదీసిందో, ఉద్యమం చేతిలో చనిపోయినవాళ్ళ గురించి అంత మౌనంగా ఉంది. ‘ఇన్‌ఫార్మర్’ ముద్రపడి చంపబడిన మనిషి ఇంటి దుఃఖానికి పల్లవి దొరకలేదు. పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కె. బాలగోపాల్ ఈ ప్రశ్నను వ్యాసాల్లో లేవనెత్తాడు. ఆ చర్చే 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటుకు దారితీసింది. వ్యాసం చేసిన పనిని పాట చేయలేకపోయింది. గుంపుగా పాడుకునే పాట గుంపు గొంతునే వినిపిస్తుంది. ఒంటరి మనిషి హక్కు అందులో ఇమడటం కష్టం. ఈ లోటు కథల్లో కొంత తీరింది, సినిమాలో తీరడానికి ఇంకా చోటుంది.

ఆడవాళ్ళ విషయమూ అంతే. 1930ల దాకా మహిళలు భూగర్భంలో పనిచేశారు. తర్వాత నిషేధం వచ్చింది. 1952 గనుల చట్టంలోనూ కొనసాగింది. 2019లో కేంద్రం కొన్ని షరతులతో మళ్ళీ అనుమతించింది. నిషేధం ఉన్న ఆ కాలపు పాటల్లో, కథల్లో స్త్రీ ఎక్కువగా ఎదురుచూసే భార్యగానో, కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లిగానో ఉంది. భర్త చనిపోతే వారసత్వ ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడమనిషి ఈ కళకు ముఖ్యపాత్ర కాలేదు.

ధూంధాం నుంచి వీడియో దాకా

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తెలంగాణ ఉద్యమానికి పాటల జాతరగా మారింది. రసమయి బాలకిషన్ వంటి వాళ్ళు ముందు నిలిచారు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలరోజులకు పైగా పని ఆపారు. దక్షిణాది విద్యుత్ కేంద్రాలకు బొగ్గు తగ్గింది. గేటు దగ్గర బతుకమ్మ, వంటావార్పు, పాట కలిసి నడిచాయి. అప్పటి హక్కు కార్మికుడిగా కన్నా ప్రాంతవాసిగా అడిగిన హక్కు. కొత్త రాష్ట్రం వచ్చాక అదే కళాకారుల్లో పలువురు తెలంగాణ సాంస్కృతిక సారథిలో ప్రభుత్వ పథకాల పాటలు పాడారు. కంపెనీ కూడా అదే డప్పు, అదే కళాజాత పట్టుకుని భద్రత గురించి, నాగాలు పెట్టవద్దని కార్మికులకు చెబుతూ వచ్చింది. రూపం ఎవరి సొత్తూ కాదు.

ఇప్పుడు ఉత్పత్తిలో ఎక్కువ భాగం ఉపరితల గనులైన ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. రామగుండం చుట్టూ మట్టి దిబ్బలు గుట్టలకు పోటీగా లేచాయి. పేలుళ్ళకు గోడలు నెర్రెలిచ్చే ఊళ్ళ సమస్య భూగర్భ గనుల కాలంలో ఇంతగా లేదు. ఇక్కడ కెమెరాకు చట్టమే ఒక పాత్ర ఇచ్చింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, గని అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ మొత్తాన్ని కాలుష్య నియంత్రణ మండలి వీడియో తీయించి నివేదికతో జతచేయాలి. టెంటు కింద మైకు పట్టుకుని తన భూమి, చెరువు, బొడ్రాయి గురించి మాట్లాడే రైతు మాట అట్లా రికార్డుకు ఎక్కుతుంది. దర్శకుడు, ఎడిటింగ్, సంగీతం లేని ఈ నిడివైన వీడియోలే ఈ బెల్టు హక్కుల చరిత్రకు రేపు మొదటి ముడిసరుకు కావచ్చు. ఊరివాళ్ళు తమ ఫోన్లతో వేరుగా తీసుకోవడమూ మామూలైంది. అధికారిక రికార్డులో ఏది ఉందో, ఏది లేదో పోల్చుకోవడానికి అది పనికొస్తుంది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2015 నుంచి ఏటా లఘుచిత్రాల పోటీ పెడుతోంది. ఏ భారతీయ భాషలోనైనా తీయవచ్చు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన యూట్యూబ్ ఛానల్ ‘మై విలేజ్ షో’ ఈ ప్రాంతపు యాసకు తెరమీద పెద్ద సంఖ్యలో ప్రేక్షకులున్నారని ఇప్పటికే నిరూపించింది. భాష సిద్ధంగా ఉంది, పరికరం చేతిలో ఉంది. కథల విషయంలో, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికుడి జీతం స్లిప్పు, పీఎఫ్ ఖాతా, ప్రమాదంలో అతనికి వచ్చే పరిహారం, పర్మినెంటు కార్మికుడి పరిహారంతో దానికి ఉన్న తేడా ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పనివిగానే ఉన్నాయి.